బొగ్గు అయిపోయాక ఊరికి మిగిలేదెంత?

పైనుంచి నేల తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని పక్క ఊళ్లో బ్లాస్టింగ్‌కు గోడలు బీటలిస్తాయి, బోర్లు అడుగంటుతాయి. దానికి బదులు ఊరికి దక్కేదెంతో లెక్క కడదాం. 100 రూపాయల బొగ్గుకు కంపెనీ సర్కారుకు కట్టే రాయల్టీ 14 రూపాయలు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం, ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజైతే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, వేలంలో పోయినదైతే 10 శాతం జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. అంటే పాత గని మీద 4 రూపాయల 20 పైసలు, కొత్తదాని మీద 1 రూపాయి 40 పైసలు. కొత్త గని దుమ్ము తక్కువ లేపుతుందా? లేదు. వేలంలో ఎక్కువ పాడుకున్నారు కదా అని కంపెనీకి ఇచ్చిన వెసులుబాటు అది. ఆ పాట సొమ్మేమో సర్కారు ఖజానాకు పోతుంది, ఊరికి కాదు.

ఈ మాత్రమైనా సరిగ్గా చేరితే నయమే. నిధి ఎవరికోసమంటే, గనుల వల్ల నష్టపోయిన 'వ్యక్తులు, ప్రాంతాల' కోసం అంటుంది చట్టం. చిక్కంతా ఇక్కడే. ప్రాంతానికి ఖర్చు పెట్టడం తేలిక: సీసీ రోడ్డు వేస్తే బిల్లు అవుతుంది, ఫొటో పడుతుంది. వ్యక్తులకు పెట్టాలంటే ముందు జాబితా కావాలి. పట్టా ఉన్నవాడికి భూమి పరిహారమైనా వచ్చింది. అదే భూమిలో కౌలు చేసినవాడు, కూలికి పోయినావిడ, బీడులో మేకలు మేపుకున్నవాడు ఏ రికార్డులోనూ లేరు. వాళ్లెవరో ఊరికి తెలుసు, కలెక్టరేట్‌కు తెలియదు. నిధికి అధ్యక్షుడు మాత్రం కలెక్టరే. ఈ నిధి ఖర్చుపై కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాలు గని చుట్టూ 15 కిలోమీటర్లను నేరుగా ప్రభావితమైన ప్రాంతంగా లెక్కించి, 70 శాతం నిధులు అక్కడే పెట్టమన్నాయి. మంచిదే. కానీ ఆ గీత లోపల మండల కేంద్రమూ ఉంటుంది, బొగ్గు కోసం తవ్విపోసిన ఓబీ మట్టిగుట్ట కింద తండా కూడా ఉంటుంది. ఎవరి మాట చెల్లుతుందో చెప్పాలా?

విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం గనుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో, 1997లోనే సుప్రీంకోర్టు నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. లాభం కంటే రాయల్టీయే నమ్మదగిన కొలత అంటాను నేను. లాభాన్ని లెక్కల్లో కరిగించేయొచ్చు. ఆ తీర్పులో విలువైనది 'శాశ్వత' అన్న మాట. ఇప్పటి నిబంధనల్లో దానికి దగ్గరిది ఒకటుంది: ఏటా 10 కోట్లకు పైగా వచ్చే జిల్లాల్లో రాబడిలో 10 శాతం దాకా దాచుకోవచ్చు. ఆ 10 శాతం పరిమితిగా కాక, కనీసంగా ఉండాలి. రాతిదుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ బయటపడడానికే ఏళ్లు పడుతుంది. రాయల్టీ మాత్రం బొగ్గు అయిపోయిన రోజే ఆగిపోతుంది.