అలకపాన్పు దిగని ఫ్రిజ్ గారికి

మహారాజశ్రీ ఫ్రిజ్ అల్లుడు గారికి,

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నుంచి మామగారు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, పెరుగు తప్ప.

కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు, అదే సెకండ్‌హ్యాండ్ ట్రైలర్, అమ్మినాయన మిమ్మల్ని చూపించి "కరెంటు, బ్యాటరీ, గ్యాస్, మూడింటి మీదా నడుస్తుంది" అన్నాడు. అల్లుడికి మూడు ఉద్యోగాలని విన్నవాడిలా మురిసిపోయాను. తీరా చూస్తే కరెంటు దొరికేది డబ్బు కట్టి దిగే పార్కుల్లో. మేం వెళ్ళేది ఫ్లాగ్‌స్టాఫ్ పక్క కోకొనీనో అడవికి, కరెంటు స్తంభమన్నదే లేని చోటికి. బ్యాటరీ మీద పెడితే లోపల హీటర్ వెలిగించి 25 ఆంపియర్లకు తక్కువ పుచ్చుకోరు తమరు. సగానికి మించి వాడకూడని మా 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ రెండు గంటల్లో చేతులెత్తేసింది.

మిగిలింది గ్యాస్. చల్లబడటానికి మంట పెట్టుకునే వంశం మీది! 1922లో స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మీ మూలపురుషుణ్ణి కనిపెట్టారు. మోటారు లేదు, చప్పుడు లేదు. అడుగున మంటకు నీళ్ళలోంచి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. చల్లారి ద్రవమవుతుంది. హైడ్రోజన్ తోడుతో మళ్ళీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాక్కుని, తిరిగి నీళ్ళలో కలిసి కిందికి జారుతుంది. నిజంగా గొప్ప విద్యే, కాదనను. కానీ అంతా ఆ జారుడు మీదే ఆధారపడింది గనక తమరి పాన్పు మట్టంగా ఉండాలి. కాస్త ఒరిగితే ద్రవం ఎక్కడిదక్కడ నిలిచిపోయి, గొట్టాలు మాడి, శాశ్వతంగా అలుగుతారు.

చీకటి పడుతుంటే మీ నెత్తిన వాలు చూపే బుడగ గొట్టం, అదే రసమట్టం, పెట్టి నేను, చక్రాల కింద చెక్కలు దూర్చుతూ మా అబ్బాయి. "కొంచెం ఎడమ... అయ్యో, ఎక్కువైంది!" అని మా ఆవిడ. బుడగ మధ్యకొచ్చేసరికి గంట పట్టింది. అప్పుడు మంట వెలగలేదు! 7,000 అడుగుల ఎత్తులో గాలి పలచనట, తమరికి సరిపడదట. పోనీ కింద ఫీనిక్స్‌లో సరిపడిందా? బయలుదేరే ముందు రోజే చల్లబడమని మొదలుపెట్టాను. 43 డిగ్రీల ఎండలో ఒంట్లో వేడి బయటికి పోక గుమ్మంలోనే నీరసించారు. మా ఆవిడ రుబ్బి మీ చేతికిచ్చిన దోసెల పిండి అడవికి చేరేలోపే గిన్నె మూత నెట్టుకుని పైఅర నుంచి కూరగాయల మీదికి దిగింది. పిండిని దాచమంటే పెంచి పెద్దచేశారు.

అందుకే రెండో అల్లుణ్ణి తెచ్చుకున్నాం. మంటతో పనిలేక బ్యాటరీ మీద నడిచే పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. కొండ మీద ఒరిగినా, ఎండలో పెట్టినా కిమ్మనడు, రోజుకు 50, 60 ఆంపియర్-అవర్లు తిని తన పని చేసుకుంటాడు. అయితే పరివారంతో దిగాడు. లిథియం బ్యాటరీలు రెండు, కప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు, వాటి కరెంటును బ్యాటరీకి అదుపుగా ఎక్కించే ఛార్జ్ కంట్రోలరు. పాత సన్న తీగలో వోల్టేజి దారిలోనే పడిపోతుంటే, బ్యాటరీ నిండుగా ఉన్నా ఆగిపోయేవాడు. లావు తీగ వేశాక కుదుటపడ్డాడు. అల్లుడికంటే పరివారానికే ఎక్కువ పోశాను.

మొన్న జులైలో అడవిలో ఉండగా మూడు రోజులు వరసగా మబ్బు. అరిజోనా వానాకాలం మరి. పలకల మీద ఎండ లేదు, బ్యాటరీ అడుగంటింది, తెల్లవారుజామున మూడింటికి వాడూ కళ్ళు మూశాడు. ఒక్క సిలిండర్‌తో పదిరోజులు లాగే తమరు గుర్తొచ్చారు. మజ్జిగ తాగుతూ కాసేపు తలచుకున్నాను. పుల్లగా ఉంది లెండి.

ఇప్పుడు తమరు మా గరాజ్‌లో మూలన ఉన్నారు. నెత్తిన ఆవకాయ జాడీలు. ఊరికే ఉండలేక నిన్న రసమట్టం తెచ్చి పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది.

ఇట్లు,
మీ మామగారు