ఏరు దాటి వచ్చిన పిల్లాణ్ని ఏమని పలకరిస్తున్నాం?

కోనసీమలో ఏ సర్కారు బడికి వెళ్లినా మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. 2024లో ప్రభుత్వం ఆ పేరు పెట్టింది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆమె లంకల గన్నవరం కోడలు. గోదావరి దాటి ఆకలితో వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన ఇల్లాలు. ఆ పేరు మా పిల్లల కంచాల దాకా వచ్చినందుకు చాలా సంతోషం. మరి అదే ఏరు దాటి, అరగంట ఆలస్యంగా తరగతి గుమ్మంలో నిలబడిన ఏడేళ్ల పిల్లాడికి దొరుకుతున్న పలకరింపు ఏమిటి? "ఇప్పుడా రావడం? అక్కడే నిలబడు."

మూడో తరగతిలో నేనూ అలా నిలబడ్డాను. ఆ పూట రేవులో పడవ ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. లోపల చెప్పిన పాఠమేమిటో గుర్తు లేదు గానీ, కిటికీలోంచి చూసి నవ్విన ముఖాలు ఇప్పటికీ పేర్లతో సహా గుర్తున్నాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు. నన్ను చూసి నవ్వొచ్చని మాస్టారే చెప్పకనే చెప్పారు.

పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకుంటే పిల్లచేష్టలని తీసిపారేస్తాం. ఎవర్ని ఏడిపిస్తే ఎవరూ అడగరో వాళ్లు పెద్దవాళ్లను చూసే నేర్చుకుంటారు. టీచరు ఒక్కసారి "మొద్దు" అంటే చాలు, ఐదో తరగతి దాటేదాకా ఆ పిల్లకు అదే పేరు. అందుకే దయ గురించి గోడల మీద సూక్తులు రాయించడం, నీతి పాఠాలకు ఒక పీరియడ్ కేటాయించడం మంచివే అయినా, వాటితోనే బడి మారుతుందంటే నేను నమ్మను. హాజరు పిలిచే గొంతులో లేని దయ నాలుగో పీరియడ్‌లో ఎక్కణ్నుంచి వస్తుంది?

మా గోదావరి జిల్లాల వాళ్లం మాటకు ముందొక "అండి", వెనకొక "అండి" అంటామని పేరు. ఆ మర్యాద పైవాళ్లకే గానీ కిందికి, చిన్నపిల్లల దాకా దిగదు. దిగాలి. "ఏమ్మా, జ్వరం తగ్గిందా?" అని అడగడానికి ఏ శిక్షణా అక్కర్లేదు. చట్టం సంగతికొస్తే, 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, పిల్లల మనసు నొప్పించి వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం చాలావరకు తగ్గింది. మాట మిగిలింది.

ఇక్కడి పిల్లల ఇళ్లలో ఏముందో తెలిస్తే ఆ మాట ఎంత బరువో తెలుస్తుంది. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన తల్లుల పిల్లలు ఈ ఊళ్లలో ఎందరో. మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మను చూసి ఏడ్చి, ఆలస్యంగా పడుకుని, హోంవర్క్ లేకుండా బడికొస్తారు. నోట్‌బుక్ ఖాళీగా ఉండటం కనిపిస్తుంది, రాత్రి కనిపించదు. జులై, ఆగస్టుల్లో వరదొస్తే లంకల పిల్లలకు కాజ్‌వే మునుగుతుంది, పుస్తకాలు తడుస్తాయి. ఇవేవీ పిల్లలు తమంతట తాము చెప్పరు. అడిగితేనే చెబుతారు.

భోజనం దగ్గర కాసేపు నిలబడితే ఆ బడి ఎలాంటిదో ఇట్టే తెలిసిపోతుంది. గుడ్డు, చిక్కీ పెట్టారా లేదా అని తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తారు. నేనైతే మారు ఎవరు అడుగుతున్నారు, ఎవరు మొహమాటంతో కంచం కడుక్కుంటున్నారు, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు అని చూస్తాను. కులం ఆ వరసలో ఇంకా కనిపించే చోట్లున్నాయి, దాచుకుని లాభం లేదు. టీచరు రోజూ ఆ వరసలోనే, రోజుకొకరి పక్కన కూర్చుని తింటే ఎన్ని ఉపన్యాసాలతో కాని పని అవుతుంది. వడ్డించే ఆయమ్మ "ఇంకొంచెం వెయ్యనా నాన్నా?" అని తానే అడిగితే, మారు అడగలేని పిల్లకు అదే పెద్ద ధైర్యం.

ఇదంతా టీచర్ల మీద నిందగా చదవొద్దు. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే బడుల్లో, యాప్‌లో ఫొటోలు, వివరాలు ఎక్కించే టెన్షన్ మధ్య ఓపిక అడుగంటుతుంది. తనను పైఅధికారి అందరి ముందూ కసిరిన రోజున ఆ టీచరు తరగతిలో నవ్వుతూ ఉండాలనడం అన్యాయం. తనిఖీకి వచ్చే అధికారి టీచరుతో మాట్లాడే తీరు కూడా పిల్లలు వింటున్నారు.

పడవ మీదో కాజ్‌వే మీదో పిల్లలొచ్చే బడులకు ఈ వానాకాలంలోనైనా ఒక పని చేయొచ్చు. ప్రార్థన కాగానే మొదటి అరగంట కథలకూ కబుర్లకూ వదిలేసి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాలి. ఆలస్యమైన పిల్లవాడు పాఠం మధ్యలో కాకుండా కథ మధ్యలో వచ్చి కూర్చుంటాడు. కథ ఇంతవరకు ఏమైందో పక్కనున్న పిల్ల చెబుతుంది.