కరెంటు ఆగాక మొదలయ్యే నొప్పి

పల్లెవెలుగు బస్సు మెట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో కాళ్లూ కీళ్లూ బాగున్నవాళ్లు ఎప్పుడూ ఆలోచించరు. తుంటి పట్టేసిన మనిషికి ఆ ఎత్తు ప్రతిసారీ తెలుస్తుంది. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఎడమచేయి తొడ కింద పెట్టి, కాలిని బరువు ఎత్తినట్టు ఎత్తి మెట్టు మీద పెట్టుకోవాలి. ఈలోగా వెనకున్నవాళ్లు 'తొందరగా ఎక్కమ్మా' అంటుంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తిచేసుకుని ఏడాది గడిచిన నలభై అయిదేళ్ల మహిళ చెకప్‌కు బయల్దేరితే చాలాసార్లు కనిపించే దృశ్యం ఇది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. టికెట్ గురించి ఆమెకు దిగులు లేదు. కాలే పైకి రావడం లేదు.

మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది మహిళలకు ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడుతోందని, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారని 2022 నాటి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. ఎక్కువమంది ఆస్పత్రికి వచ్చేసరికే ఆపరేషన్‌తో తేలే దశ దాటిపోతుంది. అప్పుడు ప్రధాన చికిత్స రేడియేషనే. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, దాదాపు 25 సిట్టింగులు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. ఆఖర్న లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. ఊళ్లలో దీన్ని 'కరెంటు పెట్టించుకోవడం' అంటారు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికీ, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికీ దూరాల నుంచి వచ్చి, వారాల తరబడి అక్కడే ఉండి ఈ చికిత్స చేయించుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఈ చికిత్స ప్రాణాలు నిలబెడుతోంది. అందులో రెండో మాట లేదు. దీనికి భయపడి ఎవరూ వెనక్కి తగ్గకూడదు. మేం మాట్లాడుతున్నది ప్రాణం నిలబడిన తర్వాతి సంగతి.

ఆఖరి సిట్టింగు అయిపోయి ఇంటికొచ్చిన ఆరేడు నెలలకో, ఏడాదికో గజ్జల్లో లాగుడు మొదలవుతుంది. పొద్దున్నే మంచం దిగుతుంటే తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. నాలుగడుగులు వేశాక గానీ నడక కుదరదు. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చేయి అందించాలి. అన్నిటికన్నా ముందు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. సిగ్గుతో ఆ మాట ఎవరికీ చెప్పరు.

మనసులో మాత్రం ఒకటే ప్రశ్న. మళ్లీ వచ్చిందా? ఆ మాట పైకి అంటే ఇంట్లో అందరి గుండెలూ జారిపోతాయి. అప్పులు ఇంకా తీరలేదు. అందుకని 'వాతం చేసిందిలే' అంటుంది. పక్కింటివాళ్లు 'వయసు మీద పడుతోంది కదా' అంటారు. అలా నెలలు గడిచిపోతాయి. చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్ 'గడ్డ లేదు, అంతా బాగానే ఉంది' అంటే, అంత మంచి మాట విన్నాక కాలినొప్పి సంగతి ఎత్తడానికి నోరు రాదు. బయట ఇంకా యాభై మంది క్యూలో ఉంటారు.

ఈ నొప్పి వాతం కాదు, మొత్తంగా వయసుదీ కాదు. చాలామందిలో క్యాన్సర్ తిరగబెట్టడం కూడా కాదు. చికిత్స వల్లే వచ్చిన మార్పు. పొత్తికడుపు కింద గడ్డను కాల్చే కిరణాలు ఆ దారిలో ఉన్న తుంటి ఎముకలనూ, నడుం అడుగున త్రికోణంలా ఉండే త్రికాస్థినీ, చుట్టూ ఉన్న కండరాలనూ తాకుతాయి. ఎముకకు రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోతాయి, కొత్త ఎముకను కట్టే కణాలు తగ్గిపోతాయి. కండరాలు వానలో తడిసి ఎండిన తోలు చెప్పులా బిగుస్తాయి. ఇదంతా ఒక్కరోజులో జరిగేది కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. చికిత్స ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఈ నొప్పికీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు.

ఇంకో కారణం అండాశయాలు. అవీ ఆ కిరణాల దారిలోనే ఉంటాయి. కొద్ది మోతాదుకే పనిచేయడం మానేస్తాయి. నలభై దాటీదాటని మనిషికి వారాల వ్యవధిలో నెలసరి శాశ్వతంగా ఆగిపోతుంది. ఎముకలకు కాపలాగా ఉండే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కిరణాలు తగలని మోకాళ్లు, వేళ్ల కణుపులు కూడా పొద్దున్నే పట్టేస్తాయి. మన రెండు రాష్ట్రాలకు ఇక్కడ అదనపు చిక్కు ఉంది. గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనవి ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్లలో అండాశయాలూ తీసేసినవాళ్లకు తర్వాత పురీషనాళంలో (పెద్దపేగు చివరి భాగంలో) క్యాన్సర్ వచ్చి రేడియేషన్ ఇవ్వాల్సివస్తే, ఆ కిరణాలు పడేది చాలావరకు అప్పటికే అరిగిన ఎముకల మీద.

ఇలా బలహీనపడిన త్రికాస్థి జారిపడకుండానే పగలొచ్చు. బిందె ఎత్తినా చాలు, ఒక్కోసారి మామూలు నడక కూడా చాలు. వివిధ పరిశోధనల లెక్కలు కలిపి చూస్తే, ఈ చికిత్స తీసుకున్న మహిళల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఇలాంటి సన్న పగుళ్లు వస్తున్నాయి. చాలావరకు మొదటి రెండేళ్లలోనే. నిలబడినా నడిచినా నొప్పి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు, ఎంఆర్‌ఐలో బయటపడుతుంది. ఎముకల స్కాన్‌లో మాత్రం ఆ చోటు మెరుస్తుంది. రేడియేషన్ సంగతి తెలియని చోట చూపించుకుంటే, క్యాన్సర్ ఎముకకు పాకిందని పొరబడే ప్రమాదం ఉంది. లేని జబ్బుకు మళ్లీ చికిత్స మొదలుపెట్టడం కన్నా ఘోరం ఏముంటుంది? నిజానికి ఈ పగుళ్లలో ఎక్కువ భాగం కొన్నాళ్లు కాళ్ల మీద బరువు పడనివ్వడం తగ్గించి, వాకర్ పట్టుకుని నడుస్తూ, ఎముకలకు మందులు వాడితే నెలల్లో మానిపోతాయి.

సరైన మాట చెప్పేవాళ్లు లేనప్పుడు ఆ మహిళ ఎక్కడికి వెళ్తుందో మనందరికీ తెలుసు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరకు. ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్లీ ఇంకొకటి. సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్న మనిషి కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. ఈ ఇంజెక్షన్లు వాటి మీద ఇంకో దెబ్బ. కొన్నిచోట్ల స్టెరాయిడ్ కూడా కలిపేస్తారు. పగలడానికి సిద్ధంగా ఉన్న ఎముకను అది ఇంకా గుల్ల చేస్తుంది. నడుం మీద మోకాలు ఆనించి గట్టిగా మర్దన చేయించుకోవడం, స్పర్శ తగ్గిన చర్మం మీద వేడినీళ్ల బ్యాగు పెట్టి బొబ్బలు తెచ్చుకోవడం ఇలాంటివే. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. ఆమె అందుకోగలిగిన దూరంలో ఉన్నది ఆయనొక్కడే. తప్పు ఆ దూరానిది.

మరి ఏం చేయాలి? ముందు నొప్పి దేనివల్లో తేల్చుకోవాలి. పగులు లేదని తేలాక, బిగుసుకున్న కీలుకు మందు కదలికే. నొప్పి అని మంచానికి అతుక్కుంటే కండరం ఇంకా కుంచించుకుపోతుంది. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ నెమ్మదిగా రొమ్ము వైపు తెచ్చుకోవడం, మోకాళ్లు మడిచి నడుం కొద్దిగా పైకెత్తి దించడం, గోడ పట్టుకుని కాలు పక్కకు చాపడం వంటివి రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు చాలు. మొదట ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుంటే ఇంట్లో ఎవరి సాయమూ అక్కర్లేదు. పొద్దుటి ఎండలో నడక, నడక మధ్యలో కాసేపు కూర్చోవడం కూడా అవసరం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనింటి అంబలి ఉత్త పేదల తిండి కాదు. తిండితో చాలనప్పుడు కాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టర్ ఇస్తారు. మరుగుదొడ్డిలో వేసుకునే కమోడ్ కుర్చీ, వంటింట్లో ఒక ఎత్తు స్టూలు చాలా బాధ తప్పిస్తాయి.

హార్మోన్ల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ముఖద్వార క్యాన్సర్లలో ఎక్కువ రకం హార్మోన్లతో పెరిగేవి కావు. అందువల్ల చిన్న వయసులో నెలసరి ఆగిపోయినవాళ్లకు, అది సహజంగా ఆగే వయసు దాకా హార్మోన్ మాత్రలు ఇవ్వడానికి చాలామందిలో అడ్డంకి ఉండదు. ఎముకలు నిలబడతాయి, కీళ్ల పట్టు తగ్గుతుంది, ఒళ్లు మండిపోవడం ఆగుతుంది. ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి కూడదు అన్నది డాక్టరే చెప్పాలి. కానీ ఆ ప్రస్తావనే రాకుండా ఏళ్లు గడిచిపోవడం అన్యాయం. క్యాన్సర్ వచ్చిన మనిషి నెలసరి గురించి, దాంపత్యం గురించి అడగడమేమిటన్న చూపు ఇళ్లలోనూ ఉంది, ఆస్పత్రుల్లోనూ ఉంది. అది పోవాలి.

కొన్ని గుర్తులు మాత్రం ఇంట్లో కూర్చుని చూసేవి కావు. రెండు కాళ్లూ బలం తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా అసలు రాకపోవడం, ఒక కాలు ఉన్నట్టుండి వాయడం, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, ఉన్నట్టుండి కాలు మోపలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న మగవాళ్లదీ ఇదే బాధ. హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్లు వాళ్ల ఎముకలనూ గుల్ల చేస్తాయి. వాళ్లు నోరు విప్పడం ఇంకా తక్కువ.

ప్రభుత్వాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద దృష్టి పెట్టడం సంతోషం. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. ముప్పై దాటిన మహిళలకు స్క్రీనింగ్ చేయాలని జాతీయ కార్యక్రమం ఉంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ రేడియేషన్ ఖర్చు భరిస్తున్నాయి. ఇంత చేసి బతికించుకున్న మనిషి మిరప కోతకు వంగలేక, కూలి పోగొట్టుకుని, మూల కూర్చుంటే ఆ ఖర్చుకు పూర్తి ఫలితం దక్కినట్టు ఎలా అవుతుంది? ఫిజియోథెరపీ, ఎముక గట్టితనం చూసే డెక్సా స్కాన్, అవసరమైతే ఎంఆర్‌ఐ, చికిత్స తర్వాత కనీసం రెండేళ్లపాటు ఈ పథకాల కింద పైసా ఖర్చు లేకుండా అందాలని మేం కోరుతున్నాం. కిరణాలు చుట్టుపక్కల ఎముకల మీద తక్కువ పడేలా ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతి జిల్లాలకు చేరువ కావాలి. ఫిజియోథెరపిస్ట్ ఉన్న ప్రతి ప్రభుత్వాస్పత్రిలో వారానికొక రోజు ఈ రోగులకు కేటాయించడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. బీపీ, షుగర్ కోసం ఇల్లిల్లూ తిరిగే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు 'నడక ఎలా ఉందక్కా, కింద కూర్చుని లేవగలుగుతున్నావా' అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు, దాచుకున్న నొప్పి బయటికొస్తుంది.

వీటన్నిటికీ జీవోలు, నిధులు, సమయం కావాలి. ఒక్క పని మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు. ఆఖరి సిట్టింగు రోజున డిశ్చార్జ్ కాగితంతో పాటు ఇంకో కాగితం ఇవ్వాలి. అందులో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇలా ఉండాలి: 'కొన్ని నెలల తర్వాత మీ తుంటి, నడుం, గజ్జలు నొప్పి పెట్టొచ్చు, పట్టేయొచ్చు. ఇది చికిత్స వల్ల కూడా వస్తుంది. జబ్బు మళ్లీ వచ్చిందని భయపడకండి, అలాగని దాచుకోకండి. మమ్మల్ని అడగకుండా నొప్పి ఇంజెక్షన్ వేయించుకోకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి.' చదవలేని వాళ్లకు నర్సు చదివి వినిపించాలి. ఆ నంబరుకు చేస్తే అవతల ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి.