జతలోనే జబ్బు గుట్టు

ఆదిలాబాద్ ఏజెన్సీ బిడ్డలను పీడించే సికిల్‌సెల్ రక్తహీనతకు మూలం రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్ బీటా గొలుసు ఆరో స్థానంలో ఒకే ఒక్క మార్పు: గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్ గొలుసులోని పూస లాంటిది) ఉండాల్సిన చోట వేలిన్ అనే మరో అమైనో ఆమ్లం వస్తుంది. అంతమాత్రాన ప్రొటీన్ ఆకృతి చెడదు. ఆక్సిజన్ వదిలాక ఆ వేలిన్ పక్క హిమోగ్లోబిన్ మీద 85వ స్థానంలోని ఫినైల్ అలనిన్, 88వ స్థానంలోని లూసిన్ ఉన్న గుంతలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి, ఎర్రకణం వంకర తిరుగుతుంది. విడి ప్రొటీన్‌ను ఎంత పరీక్షగా చూసినా ఈ గుట్టు దొరకదు.

మన కణాల్లో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. ఇద్దరిద్దరిగా జతకడితే 20 కోట్ల జతలు. 2020లో వెలువడిన మానవ ప్రొటీన్ల పటం సుమారు 53 వేల జతలను పట్టుకుంది. ఏది దేనితో కలుస్తుందో అది చెప్పింది గానీ, ఎక్కడ తాకుతుందో చెప్పలేదు. ప్రొటీన్ల ఆకృతిని అంచనా వేసే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ ఇప్పుడు ఆ లోటు తీర్చడానికీ తోడ్పడుతోంది, 2024లో దాని రూపకర్తలకు నోబెల్ కూడా దక్కింది.

అయితే కంప్యూటర్ గీసిన బొమ్మే రుజువు కాదు. జతలో రెండు ప్రొటీన్ల అమరికను ఎంత నమ్మొచ్చో 0 నుంచి 1 వరకు చెప్పే ఐపీటీఎం స్కోరు 0.8 దాటితే భరోసా, 0.6కు తగ్గితే వదిలేయడమే మేలు. చిక్కంతా నడుమ ఉన్నవాటితోనే. స్థిరమైన ఆకృతి లేని భాగాల దగ్గర నమూనా తడబడుతుంది. ఒక్క అమైనో ఆమ్లం మారితే జత నిలుస్తుందో విడిపోతుందో తేల్చడంలోనూ దాన్ని నమ్మలేం. కణంలో చెరో గదిలో ఉండి ఎన్నడూ ఎదురుపడని ప్రొటీన్లనూ అది చక్కగా కలిపి చూపగలదు.

కాబట్టి కణంలోనే తేల్చుకోవాలి. బతికున్న కణాలకు డీఎస్ఎస్ లాంటి జిగురు రసాయనం కలిపితే ప్రొటీన్లలో దగ్గరదగ్గరగా ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ముడిపడతాయి. ప్రొటీన్లను కోసే ఎంజైమ్ ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, ముక్కల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తే ముడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. ముడిపడిన లైసిన్లు నమూనాలో 30 ఆంగ్‌స్ట్రామ్‌లకు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) మించి దూరంగా ఉంటే ఆ నమూనాను అనుమానించాల్సిందే. ఈ పనిలో చిన్న పొరపాటుకూ పెద్ద మూల్యమే. ద్రావణం ఆమ్లత మారకుండా ఉంచే ట్రిస్ బఫర్ వాడితే, లైసిన్లకు బదులు అందులోని అమైన్లే జిగురు రసాయనాన్ని మింగేస్తాయి. నీటిలో అది త్వరగా పాడవుతుంది, డీఎంఎస్ఓ అనే ద్రావణిలో అప్పటికప్పుడు కలుపుకోవాలి. మోతాదు మించితే సంబంధం లేనివీ ముడిపడతాయి. ముడిపడ్డ ముక్కలు మామూలు ముక్కల రాశిలో అతి కొద్ది, ముందే వేరుచేసుకోకపోతే యంత్రానికి కనిపించవు.

ఉప్పల్ వైపు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలి వైపు హెచ్‌సీయూ, టీఐఎఫ్ఆర్ వంటి పరిశోధన సంస్థలున్న హైదరాబాద్‌కు ఈ పని కొత్తది కాదు. కంప్యూటింగ్‌కు నిధులిచ్చే ప్రతి ప్రాజెక్టులో ప్రయోగశాల పరీక్షకూ, యంత్రాల నిర్వహణకూ, నిపుణులైన టెక్నీషియన్ల జీతాలకూ విడిగా వాటా కేటాయించాలని కోరుతున్నాం. కలవవని తేలిన జతలను సైతం స్కోర్లతో సహా అందరికీ అందుబాటులో ఉంచాలి. లేకపోతే అదే తప్పు జత వెంట మరో ల్యాబ్ పరిశోధక విద్యార్థి ఏళ్లు పోగొట్టుకుంటాడు.