మెరుపు లేకపోవడం లోపం కాదండీ

ఆ పాత ఇటాలియన్ బొమ్మల జంటకి మెరుపు లేదు, పని సగంలో ఆపేసినట్టుంది అని మీ వ్యాసంలో రాశారు, అక్కడే పొరపాటు. అది బిస్కట్ పోర్సలీన్ అండీ, అంటే గాజు పూత వేయకుండా కాల్చిన పింగాణీ. గాజు పూత వేస్తే కనురెప్పల గీతలు, బట్టల ముడతలు పూడిపోతాయి, పాలరాయిలా కనిపించదు, అందుకే కావాలనే వదిలేస్తారు. 1785లో రోమ్‌లో జొవాన్ని వోల్పాటో పెట్టిన ఫ్యాక్టరీలో చేసిందీ ఇలాంటివే, పురాతన విగ్రహాలు చూడ్డానికొచ్చిన దొరలు గుర్తుగా కొనుక్కెళ్ళేవాళ్ళు (అసలు విగ్రహాన్ని మోసుకెళ్ళలేరు కదా!). ఇంకోటి, మొత్తం బొమ్మ ఒక్క అచ్చులో రాదు. చేతులు, తలలు విడిగా తీసి పల్చటి మట్టితో అతికించి కాలుస్తారు, కొలిమిలో అంతా కుదించుకుపోతుంది కూడా. మీ రెండో ఫొటో జూమ్ చేస్తే భుజం కింద సన్నటి గీత కనిపిస్తోంది, విరిగిందని అప్పుడే తేల్చేయకండి, అతుకు కూడా కావచ్చు.