సవరణ: బండి కుదుపుల గురించి రాసినదాంట్లో తప్పు

సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, ఎత్తు హ్యాండిల్ మార్చాక నా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి (కార్బ్యురేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోలు కొలిచి ఇచ్చే బైకు) తక్కువ స్పీడులో కుదుపులిస్తోందని, పెట్రోలు తక్కువ అందడమే కారణమని, ఫ్యూయల్ కంట్రోలర్ (ఇంజిన్‌కు అందే పెట్రోలును మార్చే పరికరం) పెట్టించాల్సిందేనని పోయినసారి రాశాను. తొందరపడ్డాను. సగం కుదుపు యాక్సిలరేటర్ కేబుల్‌ది, చైన్‌ది.

ముందు యాక్సిలరేటర్ గ్రిప్‌లో లూజు చూడండి. చాలా బండ్లకు 2 నుంచి 3 మి.మీ. చాలు (నేను పొరపాటున సెం.మీ. అని రాశాను, మన్నించాలి). లూజు ఎక్కువైతే మొదట ఏమీ కదలదు, తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. లూజు అసలే లేకపోతే ఇంకా ప్రమాదం. ఎత్తు హ్యాండిల్‌కు పాత కేబుల్ చాలకపోవచ్చు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి, రేస్ పెరిగితే కేబుల్ బిగుసుకున్నట్టే. ఆ బండిని రోడ్డెక్కించవద్దు. చైన్ లూజు మాన్యువల్లో ఉన్నంతే ఉంచండి.

ఇవి సరిచేశాక మిగిలిన కుదుపు మాత్రం నిజంగానే పెట్రోలుదే. రేస్ పూర్తిగా వదిలితే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఆపేస్తుంది, మళ్లీ తిప్పగానే ఇస్తుంది. గాలి-పెట్రోలు మిశ్రమం పలచగా ఉంటే, అంటే పెట్రోలు తక్కువైతే, ఆ తేడా బాగా తెలుస్తుంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే భాగం) మీది స్టాప్ స్క్రూ తిప్పమని పోయినసారి ఇచ్చిన నా సలహా మాత్రం మరిచిపోండి. అది ఫ్యాక్టరీ సెట్టింగ్.