డిజైనరుకు ఏది అప్పగించాలి, ఏది అప్పగించకూడదు

ఫోనులోనే పోస్టర్లు తయారుచేసే యాప్‌లు వచ్చాక, నిపుణులకు డబ్బు దండగ కదా అన్న ప్రశ్న రావడం సహజం. చాలామంది దీన్ని ఖర్చు లెక్కతో తేల్చేస్తారు. నా ఉద్దేశంలో అడగాల్సింది ఇంకొకటి: ఈ పనిలో తప్పు జరిగితే, జరిగిందని నాకు తెలుస్తుందా? తెలిసే పనైతే నిక్షేపంగా సొంతంగా చేసుకోవచ్చు. ఇంట్లో వేడుకకు ఆహ్వానపత్రం చేయడానికి డిజైనరు అక్కర్లేదు.

పుస్తకం సంగతి వేరు. రచయిత తన పుస్తకం ముఖచిత్రం తానే తయారుచేసుకున్నారనుకుందాం. తెరమీద నీలం మెరిసిపోతుంది. తెర రంగులు వెలుగువి, అచ్చు రంగులు సిరావి. తెర చూపే కొన్ని నీలాలు, ఆకుపచ్చలు నాలుగు రంగుల సిరాకు అసలు అందవు. పుస్తకం చేతికొచ్చేసరికి ఆ నీలం ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా ఉంటుంది. అచ్చులో బొమ్మ స్పష్టంగా రావాలంటే, అంగుళానికి 300 చుక్కల (పిక్సెళ్ల) లెక్కన 6 అంగుళాల వెడల్పుకు 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో కుదించుకుని వచ్చిన ఫోటో తెరమీద నిగనిగలాడినా అచ్చులో మసకబారవచ్చు. అంచుల బయట మరో 3 మిల్లీమీటర్లు రంగు పరచకపోతే, కోత కాస్త జరిగినా తెల్లగీత బయటపడుతుంది. లోపలి పేజీల్లో ఇంకో తంటా. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులమీద పడతాయి, రెండేసి ఒత్తులున్న చోట మరీ ఇరుకు. పాఠకులకు కారణం తెలియదు, కళ్లు లాగి పుస్తకం పక్కన పెట్టేస్తారు.

వీటిలో ప్రతిభ సంగతి తక్కువ. చేసి, దెబ్బతిని, నేర్చుకున్న పనితనం ఇది. డబ్బు ఇవ్వాల్సింది దీనికే.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు కూడా ఉంది. "ఏదో ఒకటి, బాగుండేలా చేసిపెట్టండి" అని చేతులు దులుపుకోవడం. అప్పుడు కవితల పుస్తకానికి సూర్యాస్తమయం, కంపెనీకి భూగోళం బొమ్మ వస్తాయి. ఆ తప్పు డిజైనరుది కాదు. పుస్తకం ఎవరి కోసం, అందులో ఏ మాట ముఖ్యం, ఏది చూపించకూడదు అన్నవి చేయించుకునేవారే చెప్పాలి. అవి రాసిచ్చాక చేతిమీద చెయ్యి వేసి గీయించడం మాత్రం మానాలి.

1986లో స్టీవ్ జాబ్స్ తన కంప్యూటర్ల కంపెనీ నెక్స్ట్ చిహ్నాన్ని పేరున్న డిజైనరు పాల్ ర్యాండ్‌కు అప్పగించారు. లక్ష డాలర్ల పని. కొన్ని నమూనాలు చూపమంటే ర్యాండ్ కుదరదన్నారు. ఒకే చిహ్నం, దాన్ని ఎలా సాధించారో వివరించే చిన్న పుస్తకంతో సహా ఇచ్చారు. అంతకు 15 ఏళ్ల ముందు బూట్ల కంపెనీ నైకీ చిహ్నం గీసిన విద్యార్థిని కారొలిన్ డేవిడ్‌సన్‌కు అప్పట్లో ముట్టింది 35 డాలర్లు. రుసుము చూసి పని నాణ్యత అంచనా వేసేవారు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

కాగితం మీద ఒప్పందం లేకపోతే, చాలా దేశాల చట్టాల్లో బొమ్మ హక్కులు గీసినవారి దగ్గరే ఉండిపోతాయి. మూల ఫైలు ఎవరిది, సవరణలు ఎన్నిసార్లు అన్నవి ముందే రాసుకోవాలి. తెలిసినవారే కదా అని ఉచితంగా చేయించుకుంటే మరీ ఇబ్బంది: అక్షరం చిన్నదైందని చెప్పడానికి కూడా నోరు రాదు.